గది బయట నిలబెట్టినవాళ్లు

అమెరికాలో ఎదుటి పార్టీ నాయకుణ్ణి ఒక్క మాటతో పడగొట్టాలనుకున్నప్పుడు రాజకీయ నాయకులు ఎనభై ఏళ్లకు పైగా ఒకే మాట అందుకుంటున్నారు: బుజ్జగింపు. శత్రుదేశంతో మాట్లాడితే బుజ్జగింపు, ఆంక్షలు సడలిస్తే బుజ్జగింపు, సైన్యాన్ని వెనక్కి పిలిస్తే బుజ్జగింపు. ఆ మాట వెనకే చేంబర్లేన్ పేరు, మ్యూనిక్ నగరం పేరు వస్తాయి. అక్కడ ఓటున్న తెలుగు కుటుంబాల్లోనూ ఈ వాదన సాగుతోంది. ముఖ్యంగా ముందు వెళ్లిన తరానికీ, అక్కడే పుట్టిన తరానికీ మధ్య.

అలాంటి ఇద్దరిని ఇక్కడ మాట్లాడిస్తున్నాను. మామయ్య రీగన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో టెక్సాస్ చేరిన వైద్యుడు, అప్పటినుంచీ రిపబ్లికన్. మేనకోడలు అక్కడే పుట్టి పెరిగిన న్యాయవాది, డెమొక్రాట్. పాత్రలు నేను కల్పించుకున్నవి. వాళ్ల నోట వచ్చే ఘటనలు, తేదీలు, అంకెలు మాత్రం చరిత్రలోవి. ఊరుకోలేకపోయిన చోట నేనూ మధ్యలో వచ్చాను.

మేనకోడలు: మామయ్యా, మీరెంత సమర్థించినా అలాస్కా సంగతి నాకు మింగుడుపడదు. 2025 ఆగస్టు 15న యాంకరేజ్‌లో పుతిన్‌కి ఎర్ర తివాచీ పరిచారు. అతని మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2023 మార్చిలోనే అరెస్టు వారంటు ఇచ్చింది. అలాంటి మనిషికి ట్రంప్ చప్పట్లు కొట్టి స్వాగతం చెప్పి, తన కారులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. యుద్ధం జరుగుతున్నదేమో ఉక్రెయిన్ నేల మీద. ఆ దేశాధ్యక్షుడు జెలెన్‌స్కీకి ఆ గదిలో చోటు లేదు. ఇది మ్యూనిక్ కాకపోతే మరేమిటి?

మామయ్య: ఆ రోజు ట్రంప్ సెంటు భూమి కూడా రాసివ్వలేదమ్మా. ఏ ఒప్పందమూ కుదరకుండానే ఇద్దరూ లేచిపోయారు. ముందు మీవాళ్ల లెక్క చూడు. 2008 ఆగస్టులో రష్యా జార్జియాలోకి సైన్యాన్ని నడిపించింది. ఏడాది తిరక్కుండానే ఒబామా ప్రభుత్వం రష్యాతో సంబంధాలకు 'రీసెట్' అంది. 2012 అక్టోబరు అధ్యక్ష ఎన్నికల చర్చలో, మా పార్టీ అభ్యర్థి మిట్ రామ్నీ రష్యానే మన ప్రధాన ప్రత్యర్థి అని హెచ్చరించినందుకు, 1980ల నాటి విదేశాంగ విధానం పట్టుకొచ్చావంటూ ఒబామా ఎగతాళి చేశాడు. 2014లో క్రిమియా పోయింది. ఉక్రెయిన్ ఆయుధాలిమ్మని అడిగితే, ప్రాణాలు తీసే ఆయుధం ఒక్కటీ ఇవ్వలేదు. ట్యాంకుల్ని పేల్చే జావెలిన్ క్షిపణులు ఇచ్చింది ట్రంప్ మొదటి ప్రభుత్వమే.

మేనకోడలు: రామ్నీ చెప్పిందే నిజమైంది. క్లింటన్ దగ్గర విదేశాంగ మంత్రిగా చేసిన మడెలైన్ ఆల్‌బ్రైట్, ఆయనకు క్షమాపణ బాకీ ఉన్నానని 2019లో కాంగ్రెస్ కమిటీ ముందే చెప్పారు. మరి రామ్నీ పార్టీ ఇప్పుడెక్కడుంది? 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌కి సుమారు 6,100 కోట్ల డాలర్ల సాయం ప్రతినిధుల సభకు వచ్చింది. మావాళ్లు ఓటేసినవాళ్లంతా అనుకూలంగానే వేశారు. మీవాళ్లలో 101 మంది అవునంటే 112 మంది కాదన్నారు.

మామయ్య: ఆ ఓటు నాకూ బాధ కలిగించింది. 2022లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడి వైద్య కళాశాలల్లో చిక్కుకున్న మన తెలుగు పిల్లల కోసం ఇక్కడినుంచి మేమెంత తల్లడిల్లామో నీకు తెలుసు. పుతిన్ ఎలాంటివాడో నాకెవరూ చెప్పక్కర్లేదు. కానీ నువ్వు మ్యూనిక్ పేరెత్తావు కాబట్టి అడుగుతున్నాను. అక్కడ అసలు జరిగిందేమిటో చెప్పు.

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. 2008లో ఒక అమెరికన్ టీవీ చర్చలో, ఒబామాని బుజ్జగింపుదారుడని గొంతు చించుకుంటున్న ఒక రేడియో వ్యాఖ్యాతను యాంకర్ ఇదే అడిగాడు: చేంబర్లేన్ చేసిన తప్పేమిటి? మళ్లీ మళ్లీ అడిగాడు. జవాబు రాలేదు. ఎదుటివాడి దేశభక్తినే ప్రశ్నించే నింద వేయడానికి వచ్చినవాడికి, ఆ నింద ఎక్కడ పుట్టిందో తెలియదు. ఆ అజ్ఞానం చిన్న విషయమని నేను అనుకోను. ఆ మాట మీద యుద్ధాలు జరిగాయి.

మేనకోడలు: 1938 సెప్టెంబరు 29న హిట్లర్, ముసోలినీ, బ్రిటన్ ప్రధాని చేంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే మ్యూనిక్‌లో కూర్చున్నారు. చెకొస్లొవేకియాలో సుమారు ముప్ఫై లక్షల మంది జర్మన్లుండే సుడేటన్‌లాండ్‌ని హిట్లర్‌కి అప్పగించేశారు. ఆ దేశం కట్టుకున్న సరిహద్దు కోటలు ఉన్నది అక్కడే. అవి పోయాక మిగిలిన దేశానికి రక్షణే లేదు. చెక్ ప్రతినిధులిద్దరు ఆ నగరంలోనే ఒక హోటల్లో కూర్చుని ఉన్నారు. వాళ్లను చర్చకు పిలవలేదు. అర్ధరాత్రి దాటాక పిలిచి, మీ దేశంలో ఏ ముక్క పోయిందో చూసుకోండంటూ కాగితం చేతిలో పెట్టారు. ఆర్నెల్లు కూడా కాకముందే, 1939 మార్చి 15న హిట్లర్ సేనలు ప్రాగ్‌లో దిగాయి.

మామయ్య: బాగా చెప్పావు. మరి అంతకుముందు, మ్యూనిక్ చర్చల వార్త విని, మీ డెమొక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఏం చేశాడు? చేంబర్లేన్ మ్యూనిక్ వెళ్లడానికి ఒప్పుకున్నాడని తెలియగానే రెండే రెండు మాటల టెలిగ్రాం కొట్టాడు, మంచివాడివని మెచ్చుకుంటూ.

మేనకోడలు: కొట్టాడు. అప్పుడు యుద్ధం తప్పిందని ఊపిరి పీల్చుకోనివాళ్లు తక్కువ. అందుకే మామయ్యా, చేంబర్లేన్ మాట్లాడటానికి వెళ్లడం నేరమని నేను అనను. వెళ్లి, తనది కానిదాన్ని ఇచ్చేసి రావడం నేరం. ఆ సొత్తు ఎవరిదో వాళ్లను గది బయట నిలబెట్టడం నేరం. నా కొలత ఇదే: ఇచ్చింది ఎవరి సొత్తు? దాని యజమాని గదిలో ఉన్నాడా?

మామయ్య: కొలత బాగుంది. ఇప్పుడు దాన్ని ఇరాన్‌కి పెట్టు. 2015 జులై 14న వియన్నాలో ఒబామా ప్రభుత్వం కుదుర్చుకున్న అణు ఒప్పందంలో క్షిపణులకు పగ్గం లేదు. హిజ్బుల్లాకి, హౌతీలకి అందే డబ్బు, ఆయుధాల ఊసు లేదు. కీలకమైన పరిమితులన్నిటికీ పదేళ్లో పదిహేనేళ్లో గడువు, ఆ తర్వాత ఇరాన్ ఇష్టం. పైగా 2016 జనవరిలో అమెరికన్ ఖైదీలు విడుదలైన రోజే 40 కోట్ల డాలర్లు నోట్ల కట్టలుగా విమానంలో వెళ్లాయి. పాముకు పాలు పోస్తే విషం తగ్గుతుందా? ఇక నీ గది సంగతి. ఇరాన్ గురిపెట్టేది ఎవర్ని? ఇజ్రాయెల్‌ని, సౌదీని. వాళ్లెవరూ వియన్నా గదిలో లేరే! ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు 2015 మార్చి 3న స్వయంగా అమెరికన్ కాంగ్రెస్‌కి వచ్చి మొత్తుకోవాల్సి వచ్చింది.

మేనకోడలు: గట్టి ప్రశ్నే. ఒక్కొక్కటిగా చెబుతాను. ఆ 40 కోట్లు ఇరాన్‌వే. 1979కి ముందు షా ప్రభుత్వం ఆయుధాల కోసం అమెరికాకు కట్టిన సొమ్ము. విప్లవం వచ్చాక ఆయుధాలూ ఇవ్వలేదు, డబ్బూ తిరిగివ్వలేదు. హేగ్ ట్రిబ్యునల్లో ఏళ్ల తరబడి నలిగిన ఆ తగువు వడ్డీతో కలిపి 170 కోట్లకు తేలింది. ఖైదీల విడుదల రోజే పంపడం చూపుకి బాగోలేదు. ఖైదీలు బయటపడేదాకా డబ్బు ఆపి ఉంచామని తర్వాత మా ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇక మనం ఒప్పందంలో ఇచ్చిందేమిటి? మనం, మన మిత్రులు వేసిన ఆంక్షలు. అవి మనవే. ఇజ్రాయెల్ నేలలో ఒక్క గజం ఎవరూ బేరం పెట్టలేదు. మరి వచ్చిందేమిటి? సుమారు 19 వేల సెంట్రిఫ్యూజ్‌లు 6,104కి తగ్గాయి. యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు. కొండ కింద తవ్వుకున్న ఫోర్డోలో పదిహేనేళ్లపాటు శుద్ధే చేయకూడదు. అరాక్ రియాక్టర్ గుండెకాయలో కాంక్రీటు పోశారు. ఇవన్నీ జరుగుతున్నాయా లేదా అని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు లోపలికెళ్లి చూసి నివేదికలిచ్చారు.

మామయ్య: చివరికి ఏమైంది? 2025 జూన్ 22న అమెరికా ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద దాడి చేయక తప్పలేదు.

మేనకోడలు: మధ్యలో ఏం జరిగిందో వదిలేశారు. 2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి బయటికొచ్చాడు. అప్పటికి ఇరాన్ మాట తప్పినట్టు తనిఖీదారులు చెప్పలేదు. 2021 ఏప్రిల్‌లో ఇరాన్ 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. 2025 మే నాటికి ఆ సరుకు 400 కిలోలు దాటింది. ఒప్పందం బతికున్నప్పుడు అందులో ఒక్క కిలో లేదు. బుజ్జగింపు అని పేరుపెట్టి చించేసిన కాగితం, బాంబులు సాధించినంత పనిని ఒక్క ప్రాణం తీయకుండా సాధించింది.

మామయ్య: ఆ కాగితానికి గడువు తీరేది కదా. వాళ్లు కాచుకుని కూర్చునేవాళ్లు. గడువు ముగిశాక డబ్బున్న ఇరాన్, చట్టబద్ధమైన అణు కార్యక్రమం ఉన్న ఇరాన్ మన ముందు నిలబడేది. మీరు గెలిచింది కాలాన్నే, కష్టాన్ని కాదు.

మేనకోడలు: కాలం గెలవడం తక్కువా? రీగన్ గెలిచింది కూడా కాలాన్నే.

నా మాట చెబుతాను. మామయ్య లేవనెత్తిన గడువుల అభ్యంతరం నిజమైనది. వియన్నా ఒప్పందాన్ని లోపాలున్న ఒప్పందమని విమర్శించవచ్చు, ఇంకా గట్టిగా బేరమాడాల్సిందని అనవచ్చు. దాన్ని మ్యూనిక్‌తో పోల్చడం మాత్రం అసత్యం. ఇల్లినాయి సెనేటర్ మార్క్ కర్క్, చేంబర్లేన్ హిట్లర్ దగ్గర ఇంతకన్నా మంచి బేరమే సాధించాడని 2015లో అన్నాడు. మ్యూనిక్‌లో తనిఖీదారులు లేరు, తూకాలు లేవు, మాట తప్పితే ఆంక్షలు వాటంతటవే తిరిగొచ్చే ఏర్పాటు లేదు. బాధ్యత గల సెనేటర్ అనకూడని మాట అది.

మామయ్య: రీగన్ పేరెత్తావు గనక చెబుతాను. నేను కళ్లారా చూసిన కాలం అది. రీగన్ ముందు బలం చూపించాడు. 1983లో పశ్చిమ జర్మనీలో పెర్షింగ్-2 క్షిపణులు దింపాడు. ఐరోపా వీధుల్లో లక్షలమంది వద్దని ఊరేగినా వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాతే సోవియట్ నాయకుడు గోర్బచేవ్‌తో కూర్చున్నాడు. 1987 డిసెంబరు 8న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1991 కల్లా రెండు దేశాలూ కలిసి 2,692 క్షిపణులను నాశనం చేశాయి. మన శ్రీకృష్ణుడు రాయబారానికి వెళ్లినప్పుడు వెనక ఏడు అక్షౌహిణుల సేన సిద్ధంగా ఉంది. అది లేకుండా కౌరవ సభకు వెళ్తే రాయబారం కాదు, బతిమాలుడు.

మేనకోడలు: అమ్మ చెప్పిన కథే నాకూ తెలుసు మామయ్యా. కృష్ణుడు ఐదూళ్లతో సరిపెట్టుకుంటామన్నాడు. పాండవులు వదులుకోడానికి సిద్ధపడ్డది తమ రాజ్యాన్నే. విరాటుడి రాజ్యాన్నో ద్రుపదుడి రాజ్యాన్నో బేరం పెట్టలేదు. అదీ తేడా. ఇంకొకటి. మీరు ఇంతగా మెచ్చుకునే రీగన్‌ని, ఆ ఒప్పందం సెనేట్ ముందుకు రాగానే, మితవాద సంఘాలు ఏమన్నాయి? రీగన్ ఫొటో పక్కన చేంబర్లేన్ ఫొటో, గోర్బచేవ్ పక్కన హిట్లర్ ఫొటో పెట్టి 1988లో పత్రికల్లో ప్రకటనలు వేశాయి.

మామయ్య: వేశాయి, చూశాను. అప్పుడు నా రక్తం ఉడికిపోయింది. చివరికి సెనేట్ 93-5 ఓట్లతో ఆమోదించింది. ఆ ప్రకటనలు వేసినవాళ్ల పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవు.

మేనకోడలు: ఆ రోజు మీకు ఉడికినట్టే 2015లో మాకూ ఉడికింది.

మామయ్య జవాబు చెప్పకుండా కాసేపు ఊరుకున్నాడు. నేను ఆయన స్థానంలో ఉంటే రీగన్ మీద మరో సంగతీ ఒప్పుకునేవాణ్ణి: 1985, 86 సంవత్సరాల్లో ఇదే రీగన్ ప్రభుత్వం లెబనాన్‌లో బందీలను విడిపించుకోవాలని ఇరాన్‌కి రహస్యంగా క్షిపణులమ్మింది. ఒక డెమొక్రాట్ ఆ పని చేసి ఉంటే రిపబ్లికన్లు దాన్ని ఏ పేరుతో పిలిచేవారో ఊహించడం కష్టం కాదు. 2016లో వెళ్లిన నోట్ల కట్టల గురించి మాట్లాడేవాళ్లు ఆ క్షిపణుల గురించీ మాట్లాడాలి.

మామయ్య: సరే, బుష్ సంగతికి రా. 2008 మే 15న ఇజ్రాయెల్ పార్లమెంటులో ఆయన చెప్పిన దాంట్లో తప్పేముంది? హిట్లర్ పోలండ్‌లో అడుగుపెట్టినప్పుడు ఒక అమెరికన్ సెనేటర్, తాను హిట్లర్‌తో మాట్లాడగలిగి ఉంటే ఇదంతా తప్పేదని వాపోయాడు. ఉగ్రవాదులతో మాట్లాడితే మారతారనుకోవడం ఆ బాపతు భ్రమేనని బుష్ అన్నాడు.

మేనకోడలు: ఒబామా పేరెత్తకుండా ఒబామాని అన్నాడు. శత్రుదేశాల నేతల్ని షరతుల్లేకుండా కలుస్తానని ఆయన అంతకుముందు ఏడాది డెమొక్రాట్ల చర్చలో చెప్పినందుకు. ఆ మాటకు అమాయకత్వమని మొదట ముద్ర వేసింది మా హిల్లరీ క్లింటనే, అది దాచను. కానీ బుష్ ఆ సెనేటర్ పేరు చెప్పలేదెందుకు? ఆయన ఐడహో సెనేటర్ విలియం బోరా. సెనేట్ విదేశీ సంబంధాల కమిటీకి అధ్యక్షుడిగా చేసినవాడు. రిపబ్లికన్.

మామయ్య: రిపబ్లికన్ అయినంతమాత్రాన బోరా తప్పు ఒప్పు కాదు కదా.

మేనకోడలు: కాదు. బుజ్జగింపు ఒక పార్టీ జబ్బు కాదని మీ నోట రావడమే నాకు కావాలి.

మామయ్య: అయితే మీ కెన్నెడీని కూడా చూద్దాం. 1962 అక్టోబరులో క్యూబా చుట్టూ నౌకాదళాన్ని మోహరించి నిలబడ్డాడు. ధైర్యం అంటే అదీ.

మేనకోడలు: ఆ ధైర్యాన్నే వాయుసేనాధిపతి కర్టిస్ లెమే ముఖం మీదే మ్యూనిక్‌తో పోల్చాడు. అక్టోబరు 19న, శ్వేతసౌధంలో. కెన్నెడీ తండ్రి జోసెఫ్ 1938లో లండన్‌లో అమెరికా రాయబారి, చేంబర్లేన్‌ని సమర్థించినవాడు. ఆ పోలిక ఎక్కడ తగులుతుందో లెమేకి తెలుసు. ఆయన చెప్పినట్టు ఆ రోజే క్యూబా మీద బాంబులు వేసి ఉంటే మనమిద్దరం ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం కాదేమో. కెన్నెడీ ఆ మాట దిగమింగి బేరమాడాడు. సోవియట్ క్షిపణులు క్యూబా నుంచి వెళ్తాయి. క్యూబా మీద దండెత్తబోమని మనం మాటిస్తాం. తుర్కియేలోని మన జూపిటర్ క్షిపణుల్ని రహస్యంగా తీసేస్తాం.

మామయ్య: దొరికావు! తుర్కియేకి ముందు చెప్పారా? వాళ్ల నేల మీద ఉన్న క్షిపణులు, వాళ్ల రక్షణ కోసమని పెట్టినవి. వాళ్లకు తెలియకుండా అక్టోబరు 27 రాత్రి కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌కి మాటిచ్చేశాడు. నీ గది సూత్రం ఇక్కడ ఏమైంది?

మేనకోడలు: ఇక్కడ నా సూత్రానికి దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. తుర్కియే గది బయటే ఉంది. ఒక్కటి మాత్రం చెప్పగలను. తుర్కియే నేల పోలేదు, నాటో రక్షణ పోలేదు. చెకొస్లొవేకియాకి దేశమే పోయింది. పోయిన దాని బరువు కూడా చూడాలి.

మామయ్య తర్కం ఇక్కడ గెలిచిందనే నేననుకుంటున్నాను. గెలవడం మంచిదే అయింది. ఏ కొలతా అన్ని చోట్లా అంగుళం తేడా లేకుండా సరిపోదు. 1962లో ఆ రహస్యాన్ని దాచింది ఒక్క సోవియట్ల కోసమే కాదు. బుజ్జగించాడన్న నింద స్వదేశంలో పడుతుందని కెన్నెడీకి భయం. ప్రపంచాన్ని అణుయుద్ధం నుంచి తప్పించిన బేరాన్ని సొంత ప్రజల దగ్గరే ఏళ్ల తరబడి దాచాల్సి వచ్చింది. ఒక మాటకున్న భయం ఒక ప్రజాస్వామ్యాన్ని అంత దూరం నెట్టింది. దాచడం వల్ల ఇంకో నష్టం జరిగింది. కెన్నెడీ ఏమీ ఇవ్వకుండా, కళ్లెర్రజేసి గెలిచాడనే కథ స్థిరపడింది. ఆ కథ విని పెరిగినవాళ్లు తర్వాతి యుద్ధాలకు వెళ్లారు.

మేనకోడలు: వియత్నాం అలాగే మొదలైంది కదా. అక్కడ వెనక్కి తగ్గితే మరో మ్యూనిక్ అవుతుందని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దేశానికి చెప్పాడు. 58 వేలకు పైగా అమెరికన్లు పోయారు. లక్షల్లో వియత్నామీయులు పోయారు. హో చి మిన్ హిట్లర్ కాడు. ప్రపంచాన్ని జయించాలని బయల్దేరలేదు. ఎదుటివాడు ఎవరో చూడకుండా అందరికీ హిట్లర్ మీసం పెట్టినందుకు కట్టిన మూల్యం అది.

మామయ్య: ఆ మాట నిజం. కానీ ఎదుటివాడు నిజంగా హిట్లర్ లాంటివాడైనప్పుడు కూడా మీరు ఇదే పాట పాడతారని నా భయం. యుద్ధమంటే విసిగిపోయిన దేశం ఏ కాగితం మీదైనా సంతకం పెడుతుంది. 1994లో క్లింటన్ ఉత్తర కొరియాతో పెట్టాడు. ఏటా 5 లక్షల టన్నుల చమురు ఇస్తామన్నాం. వాళ్లేమో చాటుగా యురేనియం దారి పట్టారు.

మేనకోడలు: ఆ ఒప్పందం ఉన్నంతకాలం యోంగ్‌బ్యోన్‌లో ప్లుటోనియం పని ఆగింది. అది కూలాక 2006లో మొదటి అణుపరీక్ష జరిగింది. దాన్ని బుజ్జగింపు అన్న పార్టీ అధ్యక్షుడే 2018లో సింగపూర్‌లో కిమ్‌తో చేయి కలిపాడు.

మామయ్య: కొరియా వదిలెయ్. ఎవరూ గెలవలేదక్కడ. నేను నిన్ను అఫ్ఘనిస్తాన్ గురించి అడగాలనుకుంటున్నాను. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం గుర్తుందా? విమానం చక్రాలు పట్టుకుని వేలాడిన మనుషులు? ఆగస్టు 26న గేటు దగ్గర పేలుడులో 13 మంది మన సైనికులు, పెద్ద సంఖ్యలో అఫ్ఘన్ జనం చనిపోయారు. అదీ బైడెన్ చేసిన లొంగుబాటు.

మేనకోడలు: ఆ దృశ్యాలకు నేనూ ఏడ్చాను. బైడెన్‌ని వెనకేసుకురాను. తేదీ నిర్ణయించుకుని, లెక్క తప్పి, నమ్ముకున్నవాళ్లను వదిలేసి వచ్చాడు. కానీ ఆ దారి వేసిందెవరు? 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్‌తో సంతకం చేసింది ట్రంప్ ప్రభుత్వం. పద్నాలుగు నెలల్లో వెళ్లిపోతామంది. అఫ్ఘన్ ప్రభుత్వం ఆ గదిలో లేదు. లేకుండానే, వాళ్ల జైళ్లలో ఉన్న 5,000 మంది వరకు తాలిబన్ ఖైదీల్ని వాళ్లచేతే విడుదల చేయిస్తామని ఆ కాగితంలో రాశారు.

మామయ్య: అది నిజమే. తమ చేతిలో లేని ఖైదీల్ని ఇస్తామన్నారు.

మేనకోడలు: తమది కాని దేశాన్నీ ఇచ్చారు. మీవాళ్లు రాసిచ్చారు, మావాళ్లు అప్పగించారు.

మామయ్య: మరి ఇన్నేళ్లలో రెండు పార్టీలూ కలిసి చేసిన మ్యూనిక్ ఏదంటే...

మేనకోడలు: దోహా.

ఇద్దరూ కలిసి ఇచ్చిన తొలి తీర్పు ఇది. నేనూ ఒప్పుకుంటున్నాను. ఇరాన్ ఒప్పందం మీద ఏళ్ల తరబడి టీవీ తెరల మీద చేంబర్లేన్ పేరు జపించినవాళ్లు, దోహా సంతకం రోజు ఆ పేరు గుర్తు చేసుకోలేదు. సంతకం చేసింది తమ అధ్యక్షుడు కదా. డెమొక్రాట్లు కూడా పెద్దగా గొంతెత్తలేదు. సైన్యం తిరిగి రావడం వాళ్లకూ కావాలి. 2021 ఆగస్టు 15న కాబూల్ కూలాక రెండు పార్టీలూ ఒకదాన్నొకటి నిందించుకోవడానికి పుంఖానుపుంఖాలుగా నివేదికలు రాసుకున్నాయి. ఆ నివేదికల్లోనూ అఫ్ఘన్ ఆడపిల్లలు గది బయటే ఉన్నారు. ఈ రోజు వాళ్లకు ఆరో తరగతి దాటి చదువు లేదు.

మామయ్య: అయితే అలాస్కా విషయంలో నన్నేం ఒప్పుకోమంటావు?

మేనకోడలు: పుతిన్‌ని కలవడం తప్పని ఒప్పుకోమనను. నేనే ఎక్కువ మాట్లాడాను మొదట్లో. ఎర్ర తివాచీ నాకు రోత పుట్టించింది, కానీ తివాచీ బుజ్జగింపు కాదు. దొనెత్స్క్‌లో ఇంకా ఉక్రెయిన్ చేతిలో ఉన్న ఊళ్లను, కోటల్లా కట్టుకున్న పట్టణాలను, ఉక్రెయిన్ ఒప్పుకోకుండా రష్యాకు వదిలేయమని వాషింగ్టన్ ఒత్తిడి చేస్తే మాత్రం అప్పుడు మీరు నాతోపాటు నిలబడాలి.

మామయ్య: సుడేటన్ కోటల్లాంటివే అవి. నిలబడతాను. మరి రేపు మీ అధ్యక్షుడే తైవాన్ విషయంలో తైవాన్‌ని పక్కన పెట్టి బీజింగ్‌తో కూర్చుంటే?

మేనకోడలు: అప్పుడు నేను మీతో.

వాళ్లిద్దరి మాటలు ఇంతటితో ఆపి నా తీర్పు చెబుతున్నాను. 2015 నాటి ఇరాన్ ఒప్పందం బుజ్జగింపు కాదు, లోపాలున్న మంచి పని. రీగన్ 1987 ఒప్పందం బుజ్జగింపు కాదు. కెన్నెడీ బేరం బుజ్జగింపు కాదు, తుర్కియేకి చేసిన అన్యాయంతో సహా చెబుతున్నాను. 2020 దోహా బుజ్జగింపే, దాన్ని అలాగే అమలు చేసిన 2021 కూడా అందులో భాగమే. ఉక్రెయిన్ నేల మీద ఉక్రెయిన్ లేకుండా ఎవరు సంతకం చేసినా, వాళ్ల పార్టీ ఏదైనా, దానికి పెట్టాల్సిన పేరు అదే.

టెక్సాస్‌లో, న్యూజెర్సీలో, వర్జీనియాలో ఓటున్న తెలుగువాళ్లకు ఒక మనవి. మీ ఊరి ఎన్నికల సభకు కాంగ్రెస్ అభ్యర్థి వచ్చి ఎదుటి పార్టీని బుజ్జగింపుదారులని తిట్టినప్పుడు చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి మూడు ప్రశ్నలడగండి: ఏమిచ్చారు, అది ఎవరిది, ఆ మనిషిని లోపలికి పిలిచారా? ఈ ప్రశ్నలు ముందుగా మీరు ఓటేసే పార్టీ అభ్యర్థినే అడగండి.